చెన్నై బాల్కనీకి వెదురు పుల్లల క్రిస్మస్ స్టార్: కొలతలు, కాగితం, జిగురు, బల్బు

పెరంబూరు పావని:

అందరికీ నమస్కారం. మూడో అంతస్తు, తూర్పు వైపు బాల్కనీ. ప్లాస్టిక్ స్టార్ కాకుండా వెదురు పుల్లలు, రంగు కాగితంతో అయిదు కొనల స్టార్ కట్టాలి, రెండడుగుల సైజు. ఆగమన కాలం మొదటి ఆదివారం ఎక్కించి జనవరి 6, ముగ్గురు రాజుల పండుగ దాకా ఉంచుతాం కాబట్టి అయిదారు వారాలు తట్టుకోవాలి.

రెండు చదును స్టార్లు కట్టి, కొనలు జత చేసి, మధ్యలో అడ్డపుల్లలు నిలబెట్టి ఒక నమూనా చేశాం. మూడు చోట్ల తేడా కొడుతోంది. అడ్డపుల్లలు పెట్టగానే స్టార్ మొత్తం ఒక పక్కకి మెలి తిరుగుతోంది. క్రేప్ పేపరు అతికిస్తే తెల్లారేసరికి ఆరేసిన చీరలా వేలాడుతోంది. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు పెడితే గంటలో హోల్డరు దగ్గర చెయ్యి పెట్టలేనంత వేడి.

పుల్ల ఎంత, అడ్డపుల్ల ఎంత, ఏ కాగితం, ఏ జిగురు, ఏ బల్బు? ఉజ్జాయింపుగా కాకుండా అంకెలతో చెప్పండి. వాన సంగతి కూడా.

వెదురుబద్ద:

పావని గారూ, మొదటిది సరిచేస్తే రెండోది సగం తగ్గుతుంది. జారిపోయిందని అందరూ కాగితాన్నే తిడతారు గానీ, ఫ్రేమ్ మెలి తిరిగాక ఏ కాగితమూ బిగుతుగా నిలవదు.

కొన నుంచి కొనకి 60 సెం.మీ. పుల్ల తీసుకుందాం. కట్టు కోసం రెండు చివరలా ఒక్కో సెంటీమీటరు కలిపి 62 కోయండి. ఇలాంటివి 10 కావాలి. అయిదు పుల్లల స్టార్‌లో ప్రతి పుల్లనీ మరో రెండు పుల్లలు దాటుతాయి. ఆ దాట్లు ఎక్కడ పడితే అక్కడ రాకూడదు. కొన నుంచి లెక్కేస్తే పొడవులో 0.382 వంతు దగ్గర రావాలి. 60కి అది 22.9, మన పనికి 23. కట్టు కోసం వదిలిన సెంటీమీటరు కలిపితే పుల్ల అంచు నుంచి 24 దగ్గర ఒక గీత, అటు అంచు నుంచి 24 దగ్గర ఇంకో గీత. మధ్యలో 14 మిగులుతుంది. పది పుల్లలూ పక్కపక్కన పేర్చి, ఒక చివర గోడకి ఆనించి, స్కేలు అడ్డంగా పెట్టి అన్నిటికీ ఒకేసారి గీత గీయండి. విడివిడిగా కొలిస్తే ఒక్కోదానికి రెండు మూడు మిల్లీమీటర్లు తేడా వస్తుంది. ఆ తేడాలన్నీ పోగై చివరికి మెలికగా బయటపడతాయి.

అల్లేటప్పుడు ఒక పుల్ల మొదటి దాటు దగ్గర పైనుంచి పోతే రెండో దాటు దగ్గర కిందనుంచి పోవాలి. అయిదూ అలా అల్లుకుంటే దారం చుట్టకముందే ఫ్రేమ్ తన్ను తాను పట్టుకుంటుంది. ఊరికే ఒకదాని మీద ఒకటి పేరిస్తే పట్టు అంతా దారం మీదే పడుతుంది, రెండు వారాలకి వదులవుతుంది.

అడ్డపుల్లలు అయిదు, ఒక్కోటి 14 సెం.మీ. ఈ అంకె ఊరికే రాలేదు. మధ్య పంచకోణం భుజం 14 కదా, అడ్డపుల్ల కూడా 14 అయితే ప్రతి కొమ్ముకీ అడుగు 14 × 14 చదరం అవుతుంది. కొమ్ము నాలుగు ముఖాలూ ఒకే కొలత త్రిభుజాలు. ముందు 5, వెనక 5, పక్కల 10. మొత్తం 20 త్రిభుజాలకి అట్టతో కోసుకునే అచ్చు ఒకటే: అడుగు 14, రెండు పక్కలు 23. వీటికి తోడు రెండు పంచకోణాలు, అంతే. అడ్డపుల్ల 10 పెడితే పక్క త్రిభుజాలకి వేరే అచ్చు కోయాలి, బల్బు కాగితానికి మరీ దగ్గరవుతుంది. 18 పెడితే పుల్ల దాటు దగ్గర పుటుక్కుమంటుంది.

అడ్డపుల్లలకి రెండు చివరలా కత్తితో చిన్న గాడి తీయండి, సరిగ్గా దాటు మీద కూర్చోవాలి. 14 అన్నది గాడి నుంచి గాడికి. పెట్టే వరసలో పక్కపక్కవి పెట్టుకుంటూ పోకండి. కారు చక్రం నట్లు బిగించినట్టు ఒకటి వదిలి ఒకటి: 1, 3, 5, 2, 4. వరసగా పెడితే మొదటి మూడింటికే ఒక పక్క పొంగిపోతుంది, మిగతా రెండూ దాన్ని లాగలేవు. మీ మెలికకి ఇది ఒక కారణం కావచ్చు. రెండో కారణం పుల్లలు ఒకే మందం లేకపోవడం. 6 మి.మీ. వెడల్పు, రెండున్నర నుంచి 3 మి.మీ. మందం ఉండేలా అన్నీ చీరండి. ఒక పుల్ల 4 ఉంటే అది వంగదు, పక్కవాటిని వంచుతుంది. పుల్ల మధ్యలో వేలు పెట్టి ఎత్తి చూడండి, అన్నీ ఒకేలా వంగాలి. గట్టిగా ఉన్నదాన్ని లోపలి మెత్తటి వైపు నుంచి చెక్కండి, పై తోలు జోలికి పోకండి. బలమంతా అందులోనే ఉంటుంది. కట్టేటప్పుడు ఆ తోలు వైపు బయటికి ఉండాలి.

కణుపు దాటు దగ్గర పడకూడదు. కణుపు వంగదు, విరుగుతుంది. కొన వైపు పడితే ఫర్వాలేదు.

వెదురు కోసం పందిళ్లు వేసేవాళ్లనీ, తట్టలు అల్లేవాళ్లనీ అడగండి. ఇక్కడ తమిళంలో "మూంగిల్ కుచ్చి" అంటేనే అర్థమవుతుంది. అక్కడక్కడ సన్నని రంధ్రాలుండి పసుపు పొడి రాలుతుంటే తీసుకోవద్దు, పుచ్చు పట్టినట్టే. చీరిన బద్దల్ని ఒక రాత్రంతా నీళ్లలో నానేస్తే బాగా వంగుతాయి. కట్టాక ఒక రోజు నీడన ఆరనిచ్చి, ఆ తర్వాతే కాగితం. తడి ఫ్రేమ్ మీద కాగితం అతికిస్తే వెదురు ఆరి కట్లు వదులయ్యాక కాగితం ముడతలు పడుతుంది.

కట్టడానికి నూలు దారం, ఒక్కో దాటుకి ఎనిమిది చుట్లు, ముడి మీద ఫెవికాల్ చుక్క. బైండింగ్ వైరు వద్దు. సముద్రపు గాలికి నెలలోపే తుప్పు పడుతుంది, తెల్ల కాగితం మీద ఆ మరక అలాగే ఉండిపోతుంది. రబ్బరు బ్యాండ్లు అసలే వద్దు.

కాగితప్పడవ:

ఫ్రేమ్ గురించి పైన చెప్పినదానికి నేను కలిపేదేమీ లేదు. కాగితం, జిగురు నా వంతు.

క్రేప్ పేపరుకి ఉండే ఆ ముడతలే దాని సాగుడు. గాలిలో తేమ ఎక్కగానే ముడతలు విప్పుకుంటాయి, కాగితం పొడుగవుతుంది. డిసెంబరులో చెన్నై రాత్రుళ్లు తేమగా ఉంటాయి, పొద్దున్నే మీకు కనిపించేది అదే. పైగా తడిస్తే రంగు కారుతుంది, కింద బట్టలు ఆరేసి ఉంటే పక్కింటివాళ్లతో పేచీ. క్రేప్‌ని తోకల కుచ్చులకి ఉంచుకోండి, ముఖాలకి వద్దు.

కావలసింది గాలిపటాల కాగితం. పలచగా, గట్టిగా, సన్నటి మెరుపుతో ఉంటుంది. చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధిలో కాగితం దుకాణాలు వరసగా ఉంటాయి, అక్కడ అడగండి. పెళ్లి కార్డుల వెంట పడకుండా నేరుగా కాగితం అమ్మే కొట్లకే పోండి. 20 × 30 అంగుళాల షీటు అయితే రెండు సరిపోతాయి, చిరిగితే పనికొస్తుంది కాబట్టి మూడు కొనండి. లెక్క ఇదీ: మడతలతో కలిపి త్రిభుజం అడుగు 16, ఎత్తు సుమారు 25 సెం.మీ. ఒకటి తిన్నగా, ఒకటి తలకిందులుగా పేరిస్తే షీటు వెడల్పులో 5 పడతాయి, మూడు వరసలకి 15. రెండో షీటులో మిగతా 5, రెండు పంచకోణాలు.

రంగు ఎంచుకునే ముందు షీటు మూల మీద తడి వేలు రుద్ది, ఆ వేలిని తెల్ల గుడ్డకి తుడవండి. అంటుకుంటే ఆ రంగు బాల్కనీకి పనికిరాదు. తెలుపు, పసుపు, లేత నారింజ వెలుతురుని బాగా వదులుతాయి. ముదురు ఎరుపు, నీలం పగలు బాగుంటాయి గానీ రాత్రి చీకటి ముద్దలా కనిపిస్తాయి. ముఖాలు తెలుపు, పక్కలు ఎరుపు వేస్తే రెండూ దక్కుతాయి.

జిగురుకి మైదా. 50 గ్రాములు మైదా, 300 మిల్లీలీటర్ల నీళ్లు. ముందు చల్లటి నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు లేకుండా కలపాలి. తర్వాత మిగతా నీళ్లు పోసి సన్నని మంట మీద తిప్పుతూనే ఉండాలి. తెల్లటి పాలలా ఉన్నది కాస్త పారదర్శకంగా, గరిటె నుంచి తెగకుండా జారేలా అయ్యాక దించండి. పూర్తిగా చల్లారాకే వాడాలి. వేడిది పూస్తే కాగితం ముందే సాగి చిరుగుతుంది. ఇక్కడి వాతావరణంలో రెండో రోజుకే పులుస్తుంది, మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టండి.

బొద్దింకలకి మైదా అంటే పండగే. బైండింగ్ పనివాళ్లు జిగురులో చిటికెడు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలిపేది అందుకే. అది విషం. వంట గిన్నెలో కలపకూడదు, అల్యూమినియం గిన్నెలో అసలే కూడదు, గిన్నెనే తినేస్తుంది. జిగురు చల్లారాక పాత ప్లాస్టిక్ మగ్గులోకి తీసి, అందులో కలిపి, మగ్గుతో సహా పారేయాలి. చిన్నపిల్లలు అతికించే పనిలో ఉంటే మైలుతుత్తం లేకుండానే కానివ్వండి.

అతికించే వరస ముఖ్యం. ముందు పక్క త్రిభుజాలు పది. వీటి మడతలు పుల్ల చుట్టూ పూర్తిగా తిప్పి అతికించండి. తర్వాత వెనక అయిదు, ముందు అయిదు. వీటికి సెంటీమీటరు మడత అక్కర్లేదు, అర సెంటీమీటరుకి కత్తిరించి సరిగ్గా పుల్ల మీద ఆగేలా అతికించాలి. అతుకు పుల్ల మీదే ఉంటే దీపం వేసినప్పుడు రెండు పొరల నల్లగీత కనిపించదు. పుల్ల నీడలో కలిసిపోతుంది. ఒక కొమ్ము అయ్యాక దాని పక్కది కాకుండా ఎదుటి వైపుది పట్టుకోండి. ఆరేటప్పుడు కాగితం లాగుతుంది కాబట్టి రెండు వైపులా సమంగా లాగాలి. జిగురు పుల్లకి పూయండి, కాగితానికి కాదు.

వెనక పంచకోణం అన్నిటికన్నా చివర. పై అంచు ఒక్కటే అతికించి తలుపులా వదిలేయండి, మిగతా అంచులకి రెండువైపులా అంటుకునే టేపు. బల్బు మార్చాలంటే దారి అదే.

ఒక రాత్రి ఆరాక, గంజి చల్లే స్ప్రే సీసాలో మామూలు నీళ్లు పోసి రెండడుగుల దూరం నుంచి పలచగా మంచు పట్టినట్టు కొట్టండి. కాగితం ముందు మెత్తబడి, ఆరాక డోలు చర్మంలా బిగుసుకుంటుంది. జిగురు పచ్చిగా ఉన్నప్పుడు ఈ పని చేస్తే అంతా ఊడి చేతికొస్తుంది.

వెదురుబద్ద:

ఒక్క మాట. మైదా బాల్కనీకి సరిపోతుందంటే నేను ఒప్పుకోను. చినుకు పడితే కరుగుతుంది. నా ఓటు ఫెవికాల్‌కే.

కాగితప్పడవ:

మామూలు తెల్ల ఫెవికాల్ కూడా ఎక్కువసేపు తడిస్తే మెత్తబడుతుంది అన్నా, అది వాటర్‌ప్రూఫ్ ఏమీ కాదు. మెరైన్ రకం తట్టుకుంటుంది గానీ, ఆ ఫ్రేమ్‌ని మళ్లీ వాడలేం. మైదా అయితే జనవరిలో తడిగుడ్డ వేసి అరగంట ఉంచితే కాగితం పొరలా వచ్చేస్తుంది, ఫ్రేమ్ శుభ్రంగా మిగులుతుంది. ఏటా కొత్త కాగితం వేసుకునేవాళ్లకి మైదాయే. కొనల దగ్గర మాత్రం, ఎక్కువ లాగుడు ఉండేది అక్కడే కాబట్టి, ఫెవికాల్ చుక్క పెట్టండి. ఆ మాత్రం రాజీకి నేను సిద్ధం.

రిచీవీధి:

బల్బు సంగతి. 9 వాట్లు ఈ స్టార్‌కి మూడింతలు ఎక్కువ. ఎల్‌ఈడీ బల్బుకి వేడి గుండు వైపు కాదు, హోల్డరు వైపు, లోపల డ్రైవర్ అనే చిన్న సర్క్యూట్ దగ్గర పుడుతుంది. స్టార్‌లో బల్బు తలకిందులుగా వేలాడుతుంది కాబట్టి డ్రైవర్ పైన ఉంటుంది, వేడి గాలీ పైకే చేరుతుంది, బయటికి దారి లేదు. ముందు పోయేది కాగితం కాదు, బల్బే. 3 వాట్లు చాలు, వార్మ్ వైట్ తీసుకోండి. కూల్ వైట్‌లో పసుపు కాగితం పాలిపోతుంది. పాత ఫిలమెంటు బల్బులు ఏ సైజువీ వద్దు. జీరో బల్బు అని పేరేగానీ పాతరకం 15 వాట్ల దాకా లాగుతుంది, కాగితం ముందు గోధుమరంగుకి తిరుగుతుంది, ఆ తర్వాత సంగతి చెప్పక్కర్లేదు. కొవ్వొత్తి ఆలోచన ఎవరికైనా ఉంటే ఇప్పుడే మానుకోండి.

బల్బుని కాగితానికి వేలాడదీయకూడదు. కొన పైకి ఉంచితే పై కొమ్ము అడుగున రెండు అడ్డపుల్లలు వస్తాయి కదా, వాటి మధ్యభాగాలని కలుపుతూ ఇంకో పుల్ల అడ్డంగా కట్టండి. హోల్డరు దానికి. అడ్డపుల్ల 14 కాబట్టి 6 సెం.మీ. గుండు సరిగ్గా మధ్యలో ఉంటే రెండు వైపులా 4 సెం.మీ. ఖాళీ ఉంటుంది. గాలికి ఊగకుండా హోల్డరుని రెండు చోట్ల కట్టండి. పై కొమ్ము పక్క త్రిభుజాల్లో, కొనకి దగ్గరగా, వేలు దూరేంత రంధ్రం అటొకటి ఇటొకటి ఉంచితే వేడికి దారి, వైరుకీ దారి.

కానీ బాల్కనీకి నేను 230 వోల్టుల బల్బే వద్దంటాను. 12 వోల్టుల ఎల్‌ఈడీ స్ట్రిప్ తీసుకోండి. మీటరుకి 60 దీపాలుండే 3528 రకం మీటరుకి 4.8 వాట్లు. అర మీటరు చాలు, 2.4 వాట్లు. 12 వోల్టులు 1 ఆంప్ అడాప్టరు దీనికి ఎక్కువే. స్ట్రిప్‌ని ఎక్కడపడితే అక్కడ కోయకూడదు, ప్రతి 3 దీపాలకి ఒక కత్తెర గుర్తు ఉంటుంది, ఈ రకానికి 5 సెం.మీ.కి ఒకటి. నాలుగు సెంటీమీటర్ల అట్టగొట్టం, టిష్యూ రోల్‌లో మిగిలేది, దాని చుట్టూ నాలుగు చుట్లు చుడితే అర మీటరు అయిపోతుంది. వెలుతురు చుట్టూ సమంగా వస్తుంది. అడాప్టరు గదిలో ప్లగ్గు దగ్గర, బయటికి పోయేది సన్నని 12 వోల్టుల వైరు మాత్రమే. వాన పడినా ప్రాణభయం లేదు. ప్లస్, మైనస్ తారుమారైతే వెలగదు, మార్చి పెట్టండి, ఏమీ కాదు. వైరు అతికించిన చోట రాగి పలకలు సముద్రపు గాలికి పచ్చబడి మూడో వారంలో మినుకుమినుకుమంటాయి. టంకం వేశాక కొంచెం సిలికాన్ పూసేయండి.

సీరియల్ సెట్టు లోపల కుక్కే పద్ధతి వెలుతురు చుక్కలుచుక్కలుగా చూపిస్తుంది. కాగితం వెనక మిణుగురులు పట్టి పెట్టినట్టుంటుంది. కొందరికి అదే ఇష్టం, నాకు కాదు.

బల్బే పెడతామంటే మాత్రం రెండు జాగ్రత్తలు. వైరు పైనుంచి నేరుగా స్టార్‌లోకి దిగకూడదు. ముందు స్టార్ మట్టం కన్నా కిందికి ఒక వంపు తిప్పి, మళ్లీ పైకి తెచ్చి లోపలికి పంపాలి. నీళ్లు ఆ వంపు అడుగున కారిపోతాయి, హోల్డరులోకి రావు. ఇంకోటి, ఆ ప్లగ్గు లైనుకి 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చు) ఉందో లేదో చూసి, టెస్ట్ బటన్ నొక్కి చూసుకోండి.

పెరంబూరు పావని:

అందరికీ థ్యాంక్సండీ. 1, 3, 5, 2, 4 వరసలో పెట్టగానే మెలిక చాలావరకు పోయింది. ఒక కొమ్ము మాత్రం ఇంకా ముక్కు వంకరగా ఉంది.

ఇంకో రెండు ప్రశ్నలు. సెమీ క్రిస్మస్‌కి పిల్లలతో చిన్న స్టార్లు ఒక ఇరవై చేయించాలి, వెదురు చీరడం వాళ్లతో అయ్యే పని కాదు. హాల్లో పెట్టడానికి వెదురు లేకుండా కాగితంతోనే పెద్దది ఏదైనా ఉందా?

వెదురుబద్ద:

వంకర కొమ్ము: కాగితం వేయకముందే చూసుకున్నారు, మంచిదైంది. ఆ కొన దగ్గర నాలుగు పుల్లలు కలుస్తాయి. అందులో ఒకటి సెంటీమీటరు గుర్తు దాటి జారి ఉంటుంది. కట్టు విప్పి నాలుగు గుర్తులూ ఒకే చోటికి తెచ్చి మళ్లీ కట్టండి. అప్పటికీ వంకర పోకపోతే ఆ కొమ్ముకి దగ్గర్లో ఎక్కడో కణుపు ఉందన్నమాట. ఆ పుల్ల మార్చడమే.

చిన్నవాటికి కొబ్బరి ఈనెలు. కొత్త చీపురు ఒకటి కొంటే ఇరవై స్టార్లకి సరిపోతుంది. ఒక్కో చదును స్టార్‌కి 25 సెం.మీ. ఈనెలు అయిదు, చివర నుంచి తొమ్మిదిన్నర దగ్గర గీత, మధ్యలో 6 మిగులుతుంది. ఈనె ఒక చివర లావు, ఒక చివర సన్నం. అయిదు కొనల్లోనూ ఒక లావు చివర, ఒక సన్న చివర కలిసేలా పెట్టాలి. రెండు సన్నవి ఒకచోట కలిస్తే ఆ కొన తల వాల్చేస్తుంది. వీటిని బోలుగా చేయొద్దు, అడ్డపుల్ల పెడితే ఈనె నిలవదు. ఒకే చదును ఫ్రేమ్, ఒక వైపు కాగితం, కింది రెండు కొనలకి క్రేప్ కుచ్చులు. ఫిలిప్పీన్స్‌లో పారోల్ అనే క్రిస్మస్ స్టార్లకి కూడా కింద ఇలాగే తోకలు వేలాడతాయి.

పాతికకొమ్ములు:

హాలుకి మొరేవియన్ స్టార్ చేయండి. 1830ల్లో జర్మనీలో, సాక్సనీలోని నీస్కీ అనే ఊళ్లో మొరేవియన్ అనే క్రైస్తవ శాఖవాళ్ల బడిలో లెక్కల పాఠంగా మొదలైంది. అది తెలిస్తే తయారీ తేలికవుతుంది, ఎందుకంటే ఇది నిజంగా లెక్కే. 18 చదరాలు, 8 త్రిభుజాలు కలిసిన 26 ముఖాల గుండ్రటి ఆకారం. ప్రతి ముఖం మీదా ఒక కొమ్ము. ఒక చదరం దీపానికి, వేలాడదీయడానికి వదిలేస్తే 17 చదరపు కొమ్ములు, 8 త్రిభుజపు కొమ్ములు, మొత్తం 25.

ఏ4 కాగితాలు 25 తెచ్చుకోండి, 120 జీఎస్ఎమ్, తెలుపు లేదా మీగడ రంగు. ఒక్కో కొమ్ముకి ఒక కాగితం. అట్టతో ఒకే త్రిభుజపు అచ్చు: అడుగు 7 సెం.మీ., పక్కలు 18. దాన్ని కాగితం మీద పెట్టి, కొన కదలకుండా పక్కపక్కన నాలుగు సార్లు గీస్తే విసనకర్రలా వస్తుంది. అది చదరపు కొమ్ము. మూడు సార్లు గీస్తే త్రిభుజపు కొమ్ము. ఒక పక్కనా, అడుగు అంచులన్నిటికీ సెంటీమీటరు మడత వదలండి. నాలుగు ముక్కల విసనకర్ర వెడల్పు 25 సెం.మీ. కొంచెం దాటుతుంది, ఎత్తు మడతతో 19. ఏ4లో అడ్డంగా సరిగ్గా కూర్చుంటుంది. పక్కలు 18 కన్నా పెంచాలనిపిస్తుంది, రెండు సెం.మీ. మించి పెంచితే కాగితం చాలదు. పూర్తయ్యాక స్టార్ అడ్డంగా అర మీటరు పైచిలుకు.

మడతల మీద ముందుగా ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు ఆనించి గీత లాగండి. అప్పుడే అంచు కత్తిలా వస్తుంది. గీత లాగకుండా మడిస్తే కొమ్ము అరటికాయలా ఉబ్బుతుంది.

ఏది ఎక్కడ అంటే: నడుమున ఎనిమిది చదరపు కొమ్ములు పక్కపక్కన మడతలు అతికించి వడ్డాణంలా గుండ్రంగా. దాని పైన ఎనిమిది: ఒక చదరపుది, ఒక త్రిభుజపుది, మళ్లీ చదరపుది, అలా నాలుగు నాలుగు. వడ్డాణం కింద కూడా ఇలాగే ఎనిమిది, అడుగున ఒక చదరపుది. పైన ఒక చదరం ఖాళీ. మొత్తం లెక్క సరిపోయిందా చూసుకోండి: 8, 8, 8, 1. త్రిభుజం ప్రతి అంచూ చదరానికే అతకాలి. ఎక్కడైనా రెండు త్రిభుజాలు పక్కపక్కన వచ్చాయంటే తప్పు జరిగింది, అక్కడే ఆగండి.

అందరూ తప్పు చేసేది చివర్లో. పై వరస ముందే వేసేసి కింది భాగం చివర మూస్తే వేలు లోపలికి పోదు, మడత నొక్కడానికి ఆధారం ఉండదు. అందుకే అడుగు భాగం ముందు పూర్తిచేసి, పై వరస చివరికి ఉంచండి. వదిలిన చదరంలోంచి చెయ్యి పోతుంది. మడతలకి గ్లూ స్టిక్ వద్దు, ఏసీ గదిలో వారానికే విడిపోతుంది. ఫెవికాల్ సన్నగా పూసి, క్లిప్పు పెట్టి పది నిమిషాలు. క్లిప్పు తీయకుండా పక్క కొమ్ముకి పోతే తోసుకుని మొదటిది జరుగుతుంది. ఓపిక పట్టాల్సింది ఇక్కడే, ఇద్దరు పెద్దవాళ్లకి రెండు సాయంత్రాల పని.

ఖాళీ చదరం మీద 9 సెం.మీ. అట్ట చదరం, మధ్యలో వైరుకి రంధ్రం. బరువంతా ఆ అట్ట మోస్తుంది, కాగితం కాదు. అట్టని లోపలి నుంచి ఐమూలగా దూర్చి పైకి లాగితే అంచులకి తన్నిపట్టి ఆగుతుంది.

రిచీవీధి:

ఇందులోకి 3 వాట్ల బల్బే మంచిది, స్ట్రిప్ వద్దు. కొమ్ముల కొనల దాకా వెలుతురు పోవాలంటే మధ్యలో ఒకే చోట నుంచి రావాలి.

కాగితప్పడవ:

వాన గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. ఈశాన్య రుతుపవనాలు డిసెంబరు దాకా ఉంటాయి. 2016లో వర్దా తుపాను నగరాన్ని తాకింది డిసెంబరు 12న. 2023లో మిచౌంగ్ వానలు డిసెంబరు మొదటి వారంలో. రెండూ సరిగ్గా స్టార్లు వేలాడే రోజులే. అంచేత మేకుకి కట్టేయకండి. స్లాబుకి కొక్కెం, స్టార్‌కి ఉంగరం, వైరుకి మధ్యలో ఊడదీసే పిన్ను. తుపాను హెచ్చరిక వస్తే నిమిషంలో దించి లోపల పెట్టేలా ఉండాలి. దారం కొనకి ఒక్కదానికే కాకుండా పై రెండు అడ్డపుల్లలకి కూడా కట్టి మూడూ ఉంగరంలో కలపండి, లేకపోతే గాలికి గిరగిరా తిరిగి వైరు మెలిపడుతుంది. ఇంకా తిరుగుతుంటే కింది రెండు కొనల నుంచి రెండు సన్నటి దారాలు గ్రిల్‌కి.

బాల్కనీ అంచు నుంచి రెండడుగులు లోపలికి వేలాడదీస్తే మామూలు జల్లు తగలదు. పారదర్శక పాలిథీన్ సంచి పైనుంచి తొడగొచ్చు, అడుగు తెరిచి ఉంచాలి. మూసి కడితే లోపల చెమట పట్టి కాగితం లోపలి నుంచే నానుతుంది. కొవ్వొత్తి మైనం రుద్ది ఇస్త్రీ చేస్తే నీళ్లు అంటవని ఎవరో ఒకరు చెబుతారు. నిజమే, అంటవు. నిప్పు మాత్రం ఇంకా బాగా అంటుకుంటుంది.

పెరంబూరు పావని:

కొన విప్పి కట్టాను, పుల్లే జారింది. ఇప్పుడు తిన్నగా ఉంది. 12 వోల్టుల స్ట్రిప్‌కే పోతున్నాం. చివరిగా ఒకటి, జనవరి 6 తర్వాత కాగితంతోనే అటక మీద పెట్టొచ్చా?

కాగితప్పడవ:

వద్దు. మైలుతుత్తం వేసినా అటక మీద ఎలుకలు ఊరుకోవు. కాగితం తడిపి తీసేసి, అడ్డపుల్లలు అయిదూ ఊడదీస్తే రెండు ఫ్రేములూ చాపలా చదునవుతాయి. ఎండలో ఒక పూట ఉంచి, అడ్డపుల్లలు విడిగా కట్టగట్టి, అచ్చు ముక్కతో సహా బీరువా వెనక నిలబెట్టండి. అచ్చు మీద 14, 23, 24 అని రాసి పెట్టుకోండి, మళ్లీ కొలవక్కర్లేదు.